శ్రుతి తప్పమన్న పాట

ఇయన్ అట్టపెట్టె నిండా గడ్డి టోపీలు పట్టుకొచ్చినప్పుడు ప్రణీత పెద్దగా పట్టించుకోలేదు. న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఆ సాయంత్రం ముసురు పట్టింది. స్కూలు హాల్లో బ్యాండు వాళ్ళంతా తడిసిన జాకెట్లు కుర్చీల వీపులకు తగిలించి ఎవరి వాద్యం వాళ్ళు తుడుచుకుంటున్నారు. అందరూ పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. వారానికోసారి కలిసి జాజ్ వాయించుకుంటారు, ఏడాదికి రెండు మూడు కచేరీలు చేస్తారు. ప్రణీత పాల కంపెనీ ల్యాబ్‌లో ఫుడ్ టెక్నాలజిస్టు. బ్యాండులో ఆమెది టెనర్ సాక్సఫోన్. పాతకాలం పాటలకైతే క్లారినెట్ అందుకుంటుంది.

ఇయన్ ఆ బ్యాండుకు పెద్ద దిక్కు. బళ్ళో సంగీతం చెప్పి రిటైరైన మనిషి. మంచివాడే. ఈ ఊళ్ళో ప్రణీతకు నలుగురు కూడా తెలియని రోజుల్లో పిలిచి కుర్చీ చూపించినవాడు. ఈసారి ఆయన తలపెట్టింది పెద్ద పని. న్యూ ఆర్లీన్స్ వీధుల్లో పుట్టిన దగ్గర్నుంచి స్వింగ్, బీబాప్, కూల్ అంటూ జాజ్ ఎన్ని పోకడలు పోయిందో ఒక ఆదివారం మధ్యాహ్నం జనానికి వరసగా వినిపించాలి. నడుమ నడుమ తానే మైకు పట్టుకుని కథ చెప్తాడు. ఆ కథకు పేరు కూడా పెట్టుకున్నాడు: 'బురదలోంచి వేదిక మీదికి'.

"మొదటి పాట న్యూ ఆర్లీన్స్ పద్ధతి. ఐదుగురే ముందుకొస్తారు," అన్నాడు టోపీలు పంచుతూ. "ఇవి పెట్టుకుని కాస్త తూలుతూ రండి. శ్రుతి గురించి బెంగ పెట్టుకోవద్దు, కావాలనే తప్పండి. ప్రణీతా, నీ క్లారినెట్ కోడిపెట్టలా అరవాలి. విరెము, నువ్వు ట్రాంబోన్‌తో ఎవరో ఒకరి టోపీ పడగొట్టు. జనం పగలబడి నవ్వాలి. అప్పుడు నేను చెప్తాను: 'చదువూ శిక్షణా లేని వాళ్ళ చేతుల్లో రొదగా పుట్టినది, శిక్షణ ఉన్నవాళ్ళ చేతుల్లో పడి సంగీతమైంది.' చెప్పీ చెప్పగానే బ్యాండంతా స్వింగ్ ఎత్తుకుంటుంది. ఎలా ఉంది?"

బాగుందన్నట్టు కొందరు నవ్వారు. ప్రణీత చేతిలో టోపీ అలాగే ఉండిపోయింది.

"ఇయన్, వాళ్ళు అలా వాయించలేదు," అంది.

"ఎవరు?"

"న్యూ ఆర్లీన్స్ వాళ్ళు. శ్రుతి తప్పి వాయించలేదు. వాళ్ళలో గురువుల దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళున్నారు. స్వరాలు రాసుకోవడం రానివాళ్ళు కూడా పక్కవాడి ఊపిరి పట్టి నేర్చుకున్నారు. ముగ్గురు మూడు దారుల్లో పోతూ ఎక్కడా ఒకళ్ళకొకళ్ళు అడ్డం రాకుండా వాయించాలంటే ఎంత సాధన కావాలో మీకు నేను చెప్పాలా?"

"నిజమే, నిజమే," అన్నాడు ఇయన్, చిన్నపిల్లను బుజ్జగిస్తున్నట్టు. "కానీ ఇది పాఠం కాదు, షో. కింద నుంచి మొదలుపెడితేనే పైకి ఎక్కినట్టు కనిపిస్తుంది. ఒక్క వాక్యానికి ఎవరూ నొచ్చుకోరులే."

"నేను నొచ్చుకుంటున్నాను."

చుట్టూ ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి తమ కాగితాల్లో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఇయన్ చిరునవ్వు చెదరనివ్వకుండా, "సరే, ఒకసారి టోపీలతో వేసి చూద్దాం," అన్నాడు. వేశారు. డ్రమ్ములు తడబడ్డాయి, కార్నెట్ బూర కీచుమంది, నవ్వులు పూశాయి. ప్రణీత క్లారినెట్ నోట్లో పెట్టుకుందే గానీ ఊదలేదు.

బయట కార్ల దగ్గర విరెము ఆమె కోసం ఆగాడు. ట్రాక్టర్లు బాగుచేసే కంపెనీలో పనిచేసే మావోరీ అతను, ఈ దేశపు మూలవాసి. మాటలు తక్కువ.

"మా తాత డ్యాన్సు హాళ్ళలో వాయించేవాడు," అన్నాడు. "ఇలాంటి టోపీతో ఫొటో ఉంది ఇంట్లో. పళ్ళన్నీ కనిపిస్తుంటాయి. అది నవ్వు కాదని మా నానమ్మ చెప్పేది."

ఇంకేదైనా అంటాడేమోనని చూసింది. అతను కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె కారులోనే కూర్చుని సామర్లకోటకు ఫోన్ చేసింది. అక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యే వేళ.

ప్రణీత తండ్రి వీరేశం సన్నాయి విద్వాంసుడు. ఆ చుట్టుపక్కల ఆయన మేళం లేకుండా పేరున్న పెళ్ళి జరిగేది కాదు. పన్నెండేళ్ళు గురువు ఇంట్లో బట్టలుతికి, నీళ్ళు మోసి నేర్చుకున్న విద్య. కల్యాణి ఎత్తుకున్నాడంటే వంటశాలలో గరిటెలు ఆగిపోయేవి. కానీ తాళి కట్టే వేళ ఆయన సన్నాయి కోసం చేయి ఎత్తి సైగ చేసిన పెద్దమనుషులే, బంతి వేసే వేళకు 'మేళం వాళ్ళకి పెరట్లో వడ్డించండి' అనేవారు. ఒకసారి ప్రణీత కూడా వెంట వెళ్ళింది. విస్తరి ముందు కూర్చున్న వీరేశాన్ని చూపించి పెళ్ళిపెద్ద తన చుట్టాలతో మెచ్చుకోలుగానే అన్నాడు: "చదువూ సంధ్యా లేకపోతేనేం అండీ, వీళ్ళకి పుట్టుకతోనే వస్తుంది." చుట్టాలు తలలూపారు. వీరేశం తల వంచుకుని పప్పన్నం కలుపుకున్నాడు. పన్నెండేళ్ళ చాకిరీని, సాధనను ఒక్క మాటతో ఊదిపారేశారని ఆ పిల్లకి అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ముద్ద మాత్రం మింగుడు పడలేదు.

అలాగని తండ్రి మీద కూడా ఆమెకు కోపం లేకపోలేదు. ఆయన కొడుక్కి నేర్పాడు, అన్న కొడుకులకి నేర్పాడు. ప్రణీత సన్నాయి ముట్టుకుంటే మాత్రం 'ఆడపిల్లకి ఊపిరి చెడుతుంది' అని లాక్కున్నాడు. పామర్‌స్టన్ నార్త్‌కి చదువుకోడానికొచ్చాక, ఫ్లాట్‌లో తనతో ఉండే అమ్మాయి మూలన పడేసిన క్లారినెట్‌ని ఆమె తీసుకుంది. లాక్కునే చేయి అక్కడ లేదు.

"ఏవే అమ్మలూ, ఈ వేళప్పుడు చేశావు?" అన్నాడు వీరేశం.

జరిగింది చెప్పింది. జాజ్ అంటే ఆయనకు ఏమీ తెలియదు. టోపీల సంగతి ఆయనకు పట్టలేదు. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగాడు.

"శ్రుతి తప్పి వాయించమన్నాడా? తెలిసి తెలిసి?"

"అవును నాన్నా. జనం నవ్వాలంట."

"తెలీక తప్పితే దిద్దుకుంటాం. తెలిసి తప్పితే ఆ వేళ్ళు మళ్ళీ మన మాట వినవమ్మా. వాయించకు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా గురువుగార్ని కూడా ఓ జమీందారు అలాగే అడిగాడంట. ఆయన సన్నాయి గుడ్డలో చుట్టుకుని వచ్చేశాడు. ఆ యేడు మాకెవరికీ పెళ్ళిళ్ళు దొరకలేదు," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి భర్త మధుబాబు సాంబారు వేడి చేస్తున్నాడు. ఆమె మొహం చూసి కారణం అడిగాడు. విని, నిట్టూర్చాడు.

"ప్రణీ, ఆయనేం చెడ్డవాడు కాదు. జనం ఓ అరనిమిషం నవ్వుకుని మర్చిపోతారు. నీకెందుకు ఇంత బాధ?"

"నవ్వుకుని మర్చిపోతారనే! నవ్వింది మర్చిపోతారు, నమ్మింది మర్చిపోరు. వాళ్ళు రొద చేశారు, వీళ్ళు సంగీతం చేశారు అన్నది బుర్రలో ఉండిపోతుంది. తెల్లవాళ్ళ పెద్ద బ్యాండ్లు ఎవరి దగ్గర దొంగిలించి గొప్పవయ్యాయో ఒక్క ముక్క ఉందా ఆ కథలో? వాయించిన నల్లజాతివాళ్ళని హోటల్ వెనక తలుపులోంచి రమ్మన్న సంగతి ఉందా?"

"అయితే మానెయ్."

"నేనెందుకు మానాలి?" అంది. గరిటె అతని చేతిలోనే ఆగిపోయింది. మధుబాబు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు ఇయన్‌కి ఫోన్ చేసి, తాను టోపీ పెట్టుకోనని, తప్పు స్వరం ఊదనని చెప్పింది. ఆ వాక్యం మార్చమంది. ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఆలోచిస్తాను. కానీ ప్రణీతా, కాస్త నవ్వడం కూడా నేర్చుకోవాలి మనం," అన్నాడు. ఆ 'మనం'లో ఆయన లేడని ఆమెకు తెలుసు.

కచేరీ రోజున ఎండ కాసింది. థియేటరు ముప్పాతిక నిండింది. తెలుగు సంఘం వాళ్ళు ఒక వరసంతా తీసుకున్నారు. సంఘానికి ప్రెసిడెంటు అప్పారావు అంకుల్. 'మన అమ్మాయి వాయిస్తుంది, అందరూ రావాలి' అని వాట్సాప్ గ్రూపులో పోరుపెట్టి మరీ పోగేశాడు. భార్య రమామణి ఆంటీ పట్టుచీర కట్టుకుని మొదటి కుర్చీలో కూర్చుంది.

తెర పక్కన ఐదు కుర్చీల మీద ఐదు టోపీలు పెట్టి ఉన్నాయి. విరెము తనది తీసి, బోర్లించి కుర్చీ కింద పెట్టాడు. ప్రణీత అసలు ముట్టుకోలేదు. కార్నెట్ వాయించే హెదర్ అనే నర్సు అప్పటికే పెట్టుకుని ఉంది. వీళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఓహ్, ఇలాగా," అని తనదీ తీసేసింది. మిగతా ఇద్దరూ తమ టోపీలు కుర్చీల మీదే వదిలేశారు.

తూలకుండా నడిచి వెళ్ళారు. ఎవరూ నవ్వలేదు.

హెదర్ పాట ఎత్తుకుంది. కాస్త బెదురుగానే. రెండో చరణానికి ప్రణీత పై స్థాయిలో తీగలా అల్లుకుంది. విరెము కింద నుంచి జారుతూ వచ్చి ఇద్దర్నీ మోశాడు. హెదర్‌కి ధైర్యం వచ్చింది. బ్యాంజో దరువు బిగిసింది. ముగ్గురు మూడు మాటలు ఒకేసారి చెప్తుంటే ఒక్క మాట కూడా పోకుండా వినిపించింది. తన వంతు వచ్చినప్పుడు ప్రణీత ఒక స్వరాన్ని పట్టుకుని, కిందికి వంచి, అక్కడే కాసేపు ఊపి వదిలింది. న్యూ ఆర్లీన్స్ క్లారినెట్‌లో ఆ వంపు ఉంది. సామర్లకోట సన్నాయిలోనూ ఉంది. అది తప్పూ కాదు, తమాషా కాదు. ఆ వంపు మీద పట్టు రావడానికి ఆమెకు గరాజ్‌లో ఎన్ని చలికాలాలు పట్టాయో ఆమెకే తెలుసు. కోపంలో ఉంది కాబట్టి మరింత జాగ్రత్తగా వాయించింది. ఒక్క స్వరమైనా జారితే ఇయన్ చెప్పిందే నిజమైపోతుందని భయం.

ముగిసింది. వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు. చప్పట్లు ఆగడం లేదు.

ఇయన్ మైకు దగ్గర నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో రాసి పెట్టుకున్న కాగితం ఉంది. అప్పటికప్పుడు మార్చుకోవచ్చు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని 'వావ్' అన్నా చాలు. ఆయన చదివాడు. చదువూ శిక్షణా లేని వాళ్ళ చేతుల్లో రొదగా పుట్టినది అని, ఒక్క అక్షరం మార్చకుండా చదివాడు.

"ఏది రొద?" అని అడిగారెవరో హాల్లోంచి, నిజంగా అర్థం కాక. చుట్టూ నవ్వులు. ఇయన్ కోరుకున్న నవ్వే, కానీ ఆయన మీదికి వచ్చింది. గబగబా చేయి ఊపాడు. బ్యాండు స్వింగ్ ఎత్తుకుంది. ప్రణీత సాక్సఫోన్ అందుకుని తన చోట తాను కూర్చుని, రాసినది రాసినట్టు వాయించింది.

ఇంటర్వెల్‌లో ఆయన ఆమెను నడవలో ఆపాడు.

"నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు."

"నేనా? నేను పాటను పాటలా వాయించాను."

"అనుకున్నది అది కాదు! నీకెక్కడివో పాత బాధలుంటే వాటిని నా బ్యాండులోకి తేకు. నీకు చోటిచ్చింది నేను."

ఆ మాటతో ఇన్నాళ్ళ కృతజ్ఞత ఆమెలో చప్పున చల్లారిపోయింది. "చోటిచ్చారు. అందుకు రుణపడి ఉన్నాను. కానీ ఆ పాటకు చోటిచ్చింది మీరు కాదు ఇయన్. వాళ్ళు వాయించకపోతే మీకు ఈ బ్యాండే లేదు. వాళ్ళ అన్నం తింటూ వాళ్ళని పెరట్లో కూర్చోబెడుతున్నారు," అంది.

పెరడు సంగతి ఆయనకేం తెలుస్తుంది? అయోమయంగా చూశాడు. గోడకు ఆనుకుని నీళ్ళు తాగుతున్న విరెము సీసా మూత బిగించి, "ఆమె తప్పు వాయించలేదు. నేనూ వాయించలేదు. అనాల్సినదుంటే ఇద్దర్నీ అను," అన్నాడు. ఇయన్ ఎవర్నీ ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

కచేరీ అయ్యాక బయట హాల్లో తెలుగువాళ్ళు ఆమెను చుట్టుముట్టారు. సెల్ఫీలయ్యాయి. అప్పారావు అంకుల్ ఆమె భుజం తట్టి, పక్కనున్న కొత్తవాళ్ళకు వినపడేలా గొంతు పెంచాడు.

"అదరగొట్టావమ్మాయ్! నేర్చుకుంటే వచ్చేది కాదండీ ఇది. వాళ్ళ నాన్న మా గోదావరి జిల్లాల్లో పేరున్న మేళగాడు. కులవిద్య! రక్తంలో ఉంటుంది వీళ్ళకి."

కొత్తవాళ్ళు తలలూపారు. అవే తలలు, అదే ఊపు. లోపల ఒకాయన శిక్షణ లేదన్నాడు. బయట ఈయన నేర్చుకుంటే రాదంటున్నాడు. ఒకడు తిట్టాడు, ఒకడు పొగిడాడు. ఇద్దరూ చెరిపేసింది మాత్రం ఒకటే.

"రక్తంలో ఏం లేదంకుల్," అంది. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "మా నాన్న పన్నెండేళ్ళు గురువు దగ్గర నేర్చుకున్నారు. నేను ఈ దేశంలో, ఇక్కడి టీచర్ల దగ్గర, తిట్లు తిని నేర్చుకున్నాను. మా నాన్న నాకు ఒక్క స్వరం కూడా నేర్పలేదు. రక్తంలో ఉంటే ఇవన్నీ దేనికి?"

"అయ్యో, నేను గొప్పగానే అన్నానమ్మా..."

"మీ అబ్బాయి డాక్టరు కదంకుల్. వాడు పాసైనప్పుడు రక్తంలో ఉందన్నారా, కష్టపడి చదివాడన్నారా?"

అప్పారావు మొహంలో నవ్వు ఒక పక్కకు వాలిపోయింది. "ఏదో మంచి మాట అంటే ఇలా రాద్ధాంతం చేస్తావేంటమ్మా? వేలెత్తి చూపడానికి నేనేమైనా పెరట్లో కూర్చోబెట్టానా నిన్ను?" అన్నాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఒక క్షణం ఆలస్యంగా గ్రహించాడు. రమామణి ఆంటీ మొగుడి వైపు చూడకుండా, "కారు తాళాలివ్వండి," అంది.

మధుబాబు ప్రణీత చేతిలోంచి సాక్సఫోన్ పెట్టె అందుకున్నాడు. ఇంటి ముందు కారు ఆపి, "మానెయ్ అన్నాను చూడు, ఆ మాట తప్పు," అన్నాడు.

వారం తిరక్కుండా ఇయన్ ఫోన్ చేశాడు. వచ్చే సీజనుకు బ్యాండులో మార్పులు చేస్తున్నామని, టెనర్‌కి వేరే మనిషి దొరికాడని చాలా మర్యాదగా చెప్పాడు. ఆమె కారణం అడగలేదు. అడిగి ఆయనకు ఇంకో అబద్ధం చెప్పే అవకాశం ఇవ్వదల్చుకోలేదు. విరెము తనంతట తాను మానేశాడు. హెదర్ మానలేదు. ఆవిణ్ణి తప్పుపట్టడం ప్రణీతకు చేతకాలేదు. శీతాకాలంలో అదే షోని పక్క ఊళ్ళో మళ్ళీ వేశారు. టోపీలతో, తూలుడుతో, కోడిపెట్ట కేకలతో. జనం బాగా నవ్వారట. ఆ సంగతి విన్న రోజు ప్రణీత ల్యాబ్‌లో ఒక గాజు గొట్టం బద్దలు కొట్టింది. చెయ్యి జారిందని చెప్పింది కానీ అది నిజం కాదు.

తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఆమె పేరు మీద నాలుగు రోజులు చర్చ నడిచింది. 'పొగిడినా పడని రకం' అన్నారు. 'ఇక్కడికొచ్చాక కూడా కులం గోలేంటి' అన్నారు, కులవిద్య అన్న మాట తెచ్చింది ఎవరో మర్చిపోయి.

విరెము, ప్రణీత, ఇంకో ఇద్దరు కలిసి చిన్న బ్యాండు మొదలుపెట్టారు. మొదటి కచేరీ లైబ్రరీ వెనక గదిలో, శనివారం పగటిపూట. పట్టుమని పాతిక మంది లేరు. పాటల మధ్య కథ ప్రణీతే చెప్పింది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎవరు ఎవర్ని వెనక తలుపులోంచి రమ్మన్నారో, ఆ తలుపుల మీద కసితోనే కొందరు కుర్రాళ్ళు డ్యాన్సుకు పనికిరాని వేగంతో బీబాప్ పుట్టించారనే మాట ఎందుకు వచ్చిందో చెప్పింది. మాటలు తడబడ్డాయి. ఒకచోట కోపంలో సంవత్సరం తప్పు చెప్పి దిద్దుకుంది.

సగంలో తలుపు తీసుకుని రమామణి ఆంటీ వచ్చింది. ఒక్కతే. వెనక కుర్చీలో కూర్చుని చివరిదాకా విన్నది. అయిపోయాక దగ్గరికొచ్చింది.

"మీ అంకుల్ రానన్నారు. ఇంకా కోపం తగ్గలేదు ఆయనకి," అంది.

"నాకూ తగ్గలేదాంటీ."

"తగ్గక్కర్లేదులే," అంది రమామణి. చేతి సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "మా పెళ్ళిలో మేళం వాయించినాయన పేరేంటో నాకు తెలీదు. పెళ్ళై నలభై యేళ్ళు. పురోహితుడి పేరు తెలుసు, వంటవాడి పేరు కూడా తెలుసు. మొన్నట్నుంచీ అడుగుతున్నాను, మా వాళ్ళెవ్వరికీ తెలీదంటున్నారు."

ప్రణీత సరేననీ అనలేదు, పర్లేదనీ అనలేదు. విరెము అవతల కుర్చీలు మడుస్తున్నాడు. రమామణి ఆంటీ చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని ఆ పని అందుకుంది.